కోరుట్లలో బోర్లించిన గ్లాసు

టీ తాగడం అయింది. గ్లాసును బల్ల మీద బోర్లించి ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పుడు మిక్సీ ఆగింది.

మిక్సీ ఆగితే భయపడేదేమీ లేదు. కానీ దాని వెంటే పక్క బల్ల దగ్గర ముగ్గురు ఆడవాళ్ల నవ్వు కూడా ఆగింది. మూలన పీట మీద కూర్చుని బీడీలు చుడుతున్న ముసలమ్మ, ఆకు కత్తిరిస్తున్న కత్తెరను చప్పుడు కాకుండా కింద పెట్టింది. కొట్టు నడిపే ఆయన కౌంటరు వెనక నుంచి వచ్చి, నన్ను ఒకసారి చూసి, షట్టరును సగం దాకా కిందికి లాగాడు. లోపలికి వస్తున్న ఎండ మోకాళ్ల దగ్గర తెగిపోయింది. ఆ తర్వాత అందరూ, ముందే అనుకుని పెట్టుకున్నట్టు, నాకు వీపు చూపిస్తూ గోడ వైపు తిరిగారు.

ఊరు కొత్త. నేను ఒక్కదాన్నే. బ్యాగును ఒళ్లోకి లాక్కుని మా ఆయనకు మెసేజ్ పెట్టాను: "కోరుట్ల. టీ కొట్టు. షట్టర్ దించిండ్రు." లొకేషన్ కూడా పంపాను. పంపాక, పిల్లల గురించి కూడా ఒక ముక్క రాసి ఉండాల్సింది అనిపించింది.

ఇది మూడో రోజు సంగతి. మొదటి నుంచి చెబుతాను.

ఇల్లు వెతుక్కునే ముందు

మా ఆయన రవి విత్తనాల కంపెనీలో పని చేస్తాడు. ఏడాదిగా ఆయన తిరుగుడంతా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పొలాల్లోనే. తోటివాళ్లతో కరీంనగర్‌లో ఒక గదిలో ఉంటాడు. రెండు వారాలకొకసారి హైదరాబాద్ వస్తాడు. ఒక ఆదివారం సాయంత్రం నాలుగేళ్ల మా చిన్నోడు వాళ్ల నాన్న చెప్పులు తెచ్చి ముందు పెట్టి, "నాన్నా, మీ ఇంటికి ఎప్పుడు పోతవ్?" అని అడిగాడు. ఎప్పుడు పోతావని అడిగినందుకు కాదు, 'మీ ఇల్లు' అన్నందుకు రవి ముఖం చూడలేకపోయాను.

ఆ మూడు ఊళ్లలో ఎక్కడ ఉన్నా రవి పని సాగుతుంది. సాగాల్సింది నా పని. జీతాల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వేరే కంపెనీల వాళ్లకు నేర్పడం నా ఉద్యోగం. అంతా కాల్‌లోనే. ఇంట్లో చిన్నోడు మెలకువగా ఉంటే కాల్ అనేది జరగదు కాబట్టి, హైదరాబాద్‌లో మా సందు చివర చిన్న కెఫేలో మూల బల్ల దగ్గర కూర్చుని పని చేసుకుంటాను. రెండేళ్లుగా అదే నా ఆఫీసు. కాబట్టి ఒక ఊళ్లో మేం బతకగలమా లేదా అన్నది, అక్కడ అలాంటి మూల ఒకటి దొరుకుతుందా లేదా అన్నదాని మీద ఉంది.

మా మేనేజర్ మేడంకు చిన్న ఊళ్ల మీద నమ్మకం లేదు. "గురువారం చెన్నై క్లయింటుతో కాల్ ఉంది కదా. అది ఆ ఊళ్ల నుంచే చెయ్యి. మధ్యలో తెగకపోతే ఎక్కడి నుంచైనా పని చేసుకో. తెగితే వచ్చే నెల నుంచి ఆఫీసుకు రా," అంది. ఆఫీసుకు రమ్మంటే హైదరాబాద్ వదలడం ఉండదు. చిన్నోడి లెక్కలో నాన్నకు వేరే ఇల్లు అలాగే ఉంటుంది.

యాసంగి పంట పొలాలు చూసే పనిలో రవికి ఊపిరి సలపడం లేదు. "నువ్వే చూసి చెప్పు," అన్నాడు. పిల్లలిద్దరినీ అత్తమ్మకు అప్పగించి, జ్వరం మందు ఎంత వెయ్యాలో గోడకు రాసి అంటించి, మంగళవారం పొద్దున బస్సెక్కాను. గేటు దాటాక గ్యాస్ కట్టేశానా అని ఫోన్ చేశాను. సిద్దిపేట దాటేలోపు మళ్లీ చేశాను. "నేను ముగ్గురు పిల్లల్ని పెంచిన్నే," అంది అత్తమ్మ, "నీ మొగడు అండ్ల ఒకడు."

సిరిసిల్ల

రవికి తెలిసినవాళ్లు చెప్పిన కెఫే ఒక సందులో ఉంది. నాలుగు బల్లలు, కిటికీలో మనీప్లాంటు, గోడకు తెల్ల సున్నం. చూడగానే నచ్చింది. నడిపే అబ్బాయి పేరు శ్రీను.

"ఇక్కడ కూర్చుని పని చేసుకోవచ్చా? సైలెంట్‌గా ఉంటుందా?"

"మస్తు సైలెంట్ అక్కా. పరీక్షలకు చదువుకునే పోరగాళ్లు గీడికే అస్తరు."

అతను ఆ మాట చెబుతున్నప్పుడు నేను చేతులు ఆనించిన బల్ల వణుకుతోంది. ఒకటే మోత. టకటక టకటక అని, గోడ అవతల వెయ్యి కుట్టుమిషన్లు ఒక్కసారి కుడుతున్నట్టు.

"మరి ఈ సప్పుడు?"

"ఏ సప్పుడు?" శ్రీను నిజంగానే చుట్టూ చూశాడు. తర్వాత తల పైకెత్తి, "ఫ్యానా? బంద్ జెయ్యాల్నా?" అన్నాడు.

మరమగ్గాలను ఇక్కడ సాంచలు అంటారు. ఈ వైపు గోడ అవతలా, ఆ వైపు గోడ అవతలా, ఎదురింట్లోనూ సాంచలే. ఈ మోతలో పుట్టి పెరిగినవాళ్లకు అది వినబడదు. నేను చెవులకు హెడ్‌ఫోన్ బిగించుకుని ఆ రోజు పాఠం మొదలుపెట్టాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మధ్యలో ఆపి, "మేడం, మీ దగ్గర వాన గట్టిగా పడుతున్నట్టుంది," అంది. బయట ఎండకు కుక్క కూడా నీడ వదలడం లేదు. "అవునమ్మా, పొద్దున్నుంచీ అదే వాన," అన్నాను.

పాఠం అయిపోయాక కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. శ్రీను చేతిలో టీ జల్లెడ జారింది. ఎదురింటి గుమ్మంలోకి ఒకామె, పక్కింటి గుమ్మంలోకి ఒకాయన వచ్చి నిలబడ్డారు. లోపల ఎక్కడో పసిపిల్ల ఏడుపు అందుకుంది.

"పిల్ల లేసింది," అన్నాడు శ్రీను నవ్వుతూ. "మా బిడ్డనే. సాంచలు ఆగితే లేస్తది."

మా ఇంట్లో చిన్నోడు నిద్రపోతుంటే నేను కుక్కరు విజిల్ పట్టుకుని ఎత్తేస్తాను, కాలింగ్ బెల్ స్విచ్ కట్టేస్తాను, కింది ఫ్లాట్ వాళ్లకు కూడా మెసేజ్ పెడతాను. ఇక్కడ పిల్ల నిద్రపోవాలంటే ఊరంతా మోగాలి. కరెంటు వచ్చింది. మోత మొదలైంది. ఏడుపు ఆగింది.

శ్రీను వాళ్లావిడ చేసిన సర్వపిండి ఇరవై రూపాయలకు పళ్లెం నిండా పెట్టాడు. పల్లీలు, నువ్వులు పంటి కింద పడుతూ, అంచులు కరకరలాడుతూ ఉంది. పార్సెల్ కూడా కట్టించుకున్నాను. ఊరు నచ్చింది, మనిషి నచ్చాడు, తిండి నచ్చింది. కానీ మా చెన్నై క్లయింటుకు రోజూ వాన పడుతోందని చెప్పలేను.

జగిత్యాల

ఆ సాయంత్రమే జగిత్యాల చేరాను. దిగాక తెలిసింది, ల్యాప్‌టాప్ చార్జర్ సిరిసిల్లలో గోడకే ఉందని. నేను గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు ఫోన్ చేసే మనిషిని. చేతిలో సర్వపిండి పార్సెల్ మాత్రం భద్రంగా ఉంది.

శ్రీనుకు ఫోన్ చేస్తే, "పరేషాన్ గాకక్కా, పొద్దున బస్సుకు ఇచ్చి పంపుత," అన్నాడు, పక్కింటికి పంపుతున్నంత తేలిగ్గా. బస్సు ఆఖరి అంకె, డ్రైవరు ఆనవాలు చెప్పాడు: "తెల్ల మీసం ఉంటది, కోపంగ కనబడ్తడు గని ఏమనడు." మర్నాడు బస్టాండులో తెల్ల మీసం కోసం నిలబడ్డాను. నాతోపాటు ఇంకో ఇద్దరు ఉన్నారు. ఒకాయన మందుల సంచి కోసం, ఒక ముసలామె కూతురు పంపిన మామిడికాయల కోసం. డ్రైవరు కోపంగానే కిటికీలోంచి ఎవరివి వాళ్లకు ఇచ్చాడు. నా చార్జర్ కొత్త గుడ్డముక్కలో చుట్టి ఉంది. సాంచ మీద నేసిన ముక్కే అయి ఉంటుంది.

నేను దిగిన చోటు లక్ష్మక్కది. మేడ మీద రెండు గదులు ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలకు అద్దెకిస్తుంది. నేను చేరిన రాత్రే భోజనంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి ఎదురుగా కూర్చుంది. హైదరాబాద్‌లో మా ఎదురు ఫ్లాట్ వాళ్ల పేరు తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడ రెండో రొట్టె వచ్చేలోపు నా పుట్టిల్లు హనుమకొండ అనీ, ఇద్దరు పిల్లలనీ లక్ష్మక్కకు తెలిసిపోయింది.

"మీ ఆయన ఏ దేశంల ఉంటడు?" అని అడిగింది.

ఏం చేస్తాడని కాదు, ఏ దేశంలో అని. ఆమె భర్త దుబాయి పోయి చాలా ఏళ్లయిందట.

"కరీంనగర్‌లో," అన్నాను.

లక్ష్మక్క రొట్టె చేత్తో పట్టుకుని ఆగిపోయింది. "కరీంనగర్‌ల ఉండి గూడ నీ దగ్గర ఉండడా?"

"పని అటువైపు..."

"మాకంటే సముద్రం అడ్డం ఉన్నది బిడ్డా. మీకు ఏమడ్డం ఉన్నది?"

ఆమె ఎగతాళిగానే అంది. పక్కనున్న ఆడపిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మంచం మీద పడుకున్నాక హైదరాబాద్‌కూ కరీంనగర్‌కూ మధ్య అడ్డం వచ్చే ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాను.

జగిత్యాల కెఫే క్లాక్ టవర్ దగ్గర, మేడ మీద ఉంది. ఏసీ, మెత్తటి కుర్చీలు, నెట్ బాణంలా పోతోంది. కాఫీ నూట ఇరవై. పైన నురుగుతో ఆకు బొమ్మ వేసి ఇచ్చారు. ఇదే మన ఊరు అనుకున్నాను. ఆకు బొమ్మ సగం తాగేసరికి కాలేజీ పిల్లలు పదిహేను మంది కేకు పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత ఇంకో గుంపు, ఇంకో కేకు. కౌంటరు దగ్గర అబ్బాయిని అడిగితే, "రోజుకు నాలుగైదు బర్త్‌డేలు అయితయ్ మేడం, గదే మన బిజినెస్," అన్నాడు.

ఆ రోజు పాఠం మేడ మెట్ల మీద కూర్చుని చెప్పాను. పుట్టినరోజు అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి కేకు ముక్క చేతిలో పెట్టి, "ఆంటీ, మీరొక్కరే కూసున్నరు, రాండ్రి లోపలికి," అంది. ఆంటీ అన్నందుకు ఒక క్షణం బాధపడి, కేకు తిన్నాను. చాలా బాగుంది. కానీ మర్నాడు గురువారం. మిగిలింది ఒక్క ఊరు.

కోరుట్ల

జగిత్యాల నుంచి బస్సులో పోతుంటే దారి పొడవునా కళ్లాల్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. కిటికీలోంచి వచ్చే గాలి కూడా పసుపు వాసనే. లక్ష్మక్క చెప్పిన టీ కొట్టు బజారు వెనక చిన్న వీధిలో ఉంది. బోర్డు మీద పేరు లేదు. 'చాయ్, కాఫీ, నెట్' అని మూడు మాటలే. నడిపేది గంగాధర్ అన్న. మస్కట్‌లో ఏళ్ల తరబడి కాఫీ కొట్టులో పని చేసి వచ్చాడు. టీ పది రూపాయలు. పక్కన ఒక ఖర్జూరపండు పెట్టాడు. దానికి డబ్బులెంతంటే, "ఖర్జూరకు పైసలు తీస్కోరు, మర్యాద," అన్నాడు.

నెట్ చూసుకున్నాను, బాగుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందట. కాల్‌కు ఇంకా అరగంట టైముంది. టీ తాగి, అమ్మ నేర్పిన అలవాటు ప్రకారం ఈగలు వాలకుండా గ్లాసు బోర్లించాను.

ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

రవి నుంచి జవాబు లేదు. ఆయన ఆ రోజు తిరుగుతున్న పెగడపల్లి వైపు పొలాల్లో సిగ్నల్ అంతంతమాత్రం. లేచి షట్టరు కింద నుంచి దూరి పారిపోవాలా, ల్యాప్‌టాప్ తీసుకోవాలా వదిలెయ్యాలా అని నేను లెక్క వేస్తుండగా, బీడీల ముసలమ్మ గోడ వైపు చూస్తూనే మాట్లాడింది.

"ఫోన్ ఇంకెంతసేపటికి అస్తది బిడ్డా? నాకు మెడ గుంజుతున్నది."

"ఏ ఫోన్ అవ్వా?"

"మీ ఆయనది."

"మా ఆయన ఇప్పుడు ఫోన్ చెయ్యడు."

గోడ వైపు తిరిగిన వీపులన్నీ కదిలాయి. "మరి గ్లాసెందుకు బోర్లేసినవు?" అంది ముసలమ్మ, ఈసారి నా వైపు తిరిగి. ఆమె పేరు పోశవ్వ.

"ఈగలు వాలకుండా."

పోశవ్వ గ్లాసును చూసింది, గంగాధర్ అన్నను చూసింది. తర్వాత గంగాధర్ అన్న షట్టరు ఎత్తి, కౌంటరు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ముగ్గురు ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "ఈగల కోసం నన్ను గోడకేసి కూసోబెట్టింది," అంది పోశవ్వ.

అప్పుడు చెప్పారు. ఈ వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ ఒక మగమనిషి గల్ఫ్‌లో ఉన్నాడు. ఇంట్లో ఉండగా ఫోన్ వస్తే అత్తమామలు, పిల్లలు చుట్టూ మూగుతారు. ఫోన్ చేతులు మారి మారి, భార్య దగ్గరికి వచ్చేసరికి ఆయనకు పని వేళ అవుతుంది. అందుకని ఆడవాళ్లు ఇక్కడికి వచ్చి మాట్లాడుకుంటారు. కొట్టు పెట్టిన కొత్తలో ఒకామెకు మిక్సీ చప్పుడులో భర్త మాట వినబడక, ఆపమని అడగడానికి మొహమాటపడి, ఇంకో టీ కావాలా అని ఎవరూ దగ్గరికి రాకుండా గ్లాసు బోర్లించింది. గంగాధర్ అన్న అర్థం చేసుకుని మిక్సీ ఆపాడు. అప్పటి నుంచి అదే కట్టుబాటు. గ్లాసు బోర్లిస్తే మిక్సీ ఆగాలి. షట్టరు సగం దిగాలి, వీధి చప్పుడు తగ్గడానికి, కొత్తవాళ్లు లోపలికి రాకుండా. మిగతావాళ్లు గోడ వైపు తిరగాలి. ఆమె నవ్వినా ఏడ్చినా ఎవరికీ కనబడకూడదు.

"నువ్వు అచ్చినకాన్నుంచి ఫోన్ దిక్కే సూస్తున్నవ్," అంది పోశవ్వ. "మొకం గింతయింది. ఏందో కష్టం ఫోన్ అస్తదనుకున్నం."

"నా మొహం ఎప్పుడూ ఇంతే అవ్వా."

"మరి ఏ దేశంల ఉంటడు మీ ఆయన?"

"కరీంనగర్."

నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. అంతా బాగుందని రవికి ఇంకో మెసేజ్ పెట్టాను. అదీ వెళ్లిందో లేదో తెలియదు.

ఆ ముగ్గురిలో చిన్నామె సుజాత మాత్రం అందరితో నవ్వి, వెంటనే తన ఫోన్ వైపు చూసుకుంది. ఆమె భర్తను ఎడారిలో కొత్త సైటుకు మార్చారట. వారం నుంచి ఫోన్ లేదు. అక్కడ సిగ్నల్ లేదని తోటివాళ్లు చెప్పారట. "మొన్నటిదాక రోజూ అచ్చి గ్లాసు బోర్లేసి కూసున్న," అంది నాతో. "గీ ముసల్దాని మెడ గుంజుడు తప్ప ఏం కాలే. ఇయ్యాల బోర్లెయ్యలే."

నేను మా మేనేజర్ మేడం పెట్టిన షరతు చెప్పాను. చిన్నోడు అడిగిన మాట కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. పోశవ్వ వింటూ ఒక బీడీకి దారం కట్టి, "ఆఫీసు ఫోనైతే ఏంది, ఫోన్ ఫోనే గదా. టైమైతే బోర్లెయ్," అంది.

కాల్

టైమైంది. గ్లాసు బోర్లించాను. ఈసారి మిక్సీ ఆగి షట్టరు సగం దిగుతుంటే బ్యాగును ఒళ్లోకి లాక్కోలేదు.

చెన్నై నుంచి నలుగురు తెరమీదికి వచ్చారు. వాళ్ల పెద్దాయన తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ వింటాడు. మా మేడం కూడా ఒక మూల చదరంలో చేతులు కట్టుకుని కూర్చుంది. నేను మొదలుపెట్టాను. నా గొంతు నాకే స్పష్టంగా వినబడేంత నిశ్శబ్దం. ఇంత నిశ్శబ్దం నాకు నా కెఫేలో కూడా ఎప్పుడూ దొరకలేదు.

కాసేపటికి దూరంగా మైకు వినబడింది. చీరల సేల్ ఆటో. 'ఒకటి కొంటే ఒకటి' అంటూ వీధిలోకి మలుపు తిరిగింది. పోశవ్వ లేచింది. తన టీ గ్లాసు తీసుకుని, దాన్ని తలకిందులుగా పట్టుకుని, షట్టరు కింద నుంచి వంగి బయటికి పోయింది. షట్టరు కింద నాకు ఆమె పాదాలు, ఆటో ముందు చక్రం కనబడుతున్నాయి. చక్రం ఆగింది. మైకు ఆగింది. ఇంజను కూడా ఆగింది. తర్వాత ఆటోను చేత్తో తోసుకుంటూ పోతున్న కాళ్లు కనబడ్డాయి.

నేను చెప్పేది ఎక్కడా ఆపలేదు. సగం అయిపోయింది. అప్పుడు సుజాత ఒళ్లో ఫోన్ వెలిగింది.

చప్పుడు లేదు, వణుకు మాత్రమే. ఆమె దాన్ని చూసింది. నా వైపు చూసింది. బల్ల మీద నా గ్లాసు చూసింది. ఫోన్‌ను చీర కుచ్చిళ్లలో బోర్లా పెట్టి, రెండు చేతులూ దాని మీద వేసి, గోడ వైపు తిరిగింది.

అది ఎవరి ఫోనో కొట్టులో అందరికీ తెలుసు. ఒక్కరూ కదల్లేదు. గ్లాసు నాది కాబట్టి.

నేను పిరికిదాన్ని. రోడ్డు దాటేటప్పుడు ఖాళీ రోడ్డును కూడా రెండుసార్లు చూస్తాను. కానీ ఆ చేతుల కింద ఫోన్ వణుకుతూనే ఉంది. "రెండు నిమిషాలు, క్షమించండి," అని చెన్నై వాళ్లకు చెప్పి నా మైకు కట్టేశాను. మేడం కనుబొమలు పైకి లేచాయి. నేను నా గ్లాసు నిలబెట్టాను. పక్క బల్ల మీది సుజాత గ్లాసు బోర్లించాను.

"మాట్లాడు," అన్నాను.

"నీ పని..."

"కట్ అయితదేమో, ముందు ఎత్తు."

ఆమె ఎత్తింది. నేను గోడ వైపు తిరిగాను. గోడకు పాత క్యాలెండరు మేకు ఉంది, క్యాలెండరు లేదు. నా వెనక సుజాత, "ఆ. ఆ. ఇనబడ్తుంది. తిన్నవా?" అంది. వారం రోజులు ఎదురుచూసి ఆమె అడిగిన మొదటి మాట అదే. తర్వాత, "ఎండకు తలకు కట్టుకో. సన్నబియ్యం దొరుకుతున్నయా?" తర్వాత గాజుల చప్పుడు మాత్రం వినబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియదు. తెలియకుండా ఉండడమే అక్కడి మర్యాద. చివరికి, "సరే, పో, గంట కొడ్తున్నరు. పైలం," అంది.

ఇటు తిరిగి చూస్తే కెమెరా వెలుగుతూనే ఉంది. నేను కట్టేసింది మైకు ఒక్కటే. చెన్నై పెద్దలు నలుగురూ, మా మేడమూ ఇంతసేపూ నా జడ చూస్తూ కూర్చున్నారు.

మైకు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది టీ కొట్టు అనీ, ఒకామెకు గల్ఫ్ నుంచి భర్త ఫోన్ వచ్చిందనీ, ఇక్కడ అలాంటప్పుడు గోడ వైపు తిరుగుతారనీ. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాట్లాడిందా?" అని అడిగాడు.

"మాట్లాడింది సార్."

"మంచిది. ఎక్కడ ఆపారో అక్కడి నుంచి చెప్పండి."

చెప్పాను. కాల్ చివరి దాకా తెగలేదు.

కరీంనగర్ దేశం మనిషి

ల్యాప్‌టాప్ మూశానో లేదో బయట మోటార్‌సైకిల్ పడినంత చప్పుడు. షట్టరు కింద నుంచి రవి దూరి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. వెనకాలే ఎవరో పెద్ద రైతు, చేతిలో కర్ర. నా మొదటి మెసేజ్ అందింది, రెండోది అందలేదు. పొలం గట్టు మీద నుంచి అలాగే బయల్దేరాడట, సాయానికి రైతును ఎక్కించుకుని.

లోపల నేను ఖర్జూరం తింటున్నాను. పోశవ్వ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, "అచ్చిండు, కరీంనగర్ దేశపోడు," అంది. "ఇమానం దిగి సక్కగ పొలంలకెళ్లే వచ్చినట్టున్నడు."

కర్ర పట్టుకున్న రైతు ఏం చెయ్యాలో తెలియక దాన్ని తలుపు పక్కన ఆనించి, "చాయ్ ఉన్నదా?" అని అడిగాడు.

బస్సు ఎక్కేముందు మేడం ఫోన్ చేసింది. కాల్ మధ్యలో గోడ చూసే పద్ధతి ఆఫీసులో లేదని ముందు చీవాట్లు పెట్టింది. తర్వాత, "కానీ నేను తెగకూడదన్నాను, తెగలేదు. మాట మాటే," అంది. ఫోన్ పెట్టేముందు అడిగింది: "ఆ ఊరి పేరేమన్నావు?"

నేను చెప్పాను. పక్కనే నిలబడి వింటున్న రవి బురద చేత్తో ముఖం తుడుచుకుని, ముఖం నిండా బురద చేసుకున్నాడు.

ఇంట్లో

ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకున్నారు. పొద్దున పాల గ్లాసుల దగ్గర ఇద్దరూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. పెద్దదానికి స్కూల్లో ఏం జరిగిందో చెప్పాలి, చిన్నోడికి నేను నాన్నను ఆయన ఇంట్లో చూశానా లేదా కావాలి. అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి చెవి ఇటే పెట్టింది. పిల్లలతో నేను మా ఇంటి మాటలోనే మాట్లాడతాను. ఈ రాత్రి వాళ్లను పడుకోబెట్టి, అన్నదాన్ని అన్నట్టే ఇక్కడ రాస్తున్నాను.

"బడికి సెలవులియ్యంగనే మనం కోరుట్లకు పోతున్నం. నాన్న మనతోనే ఉంటడు, రోజూ ఇంటికస్తడు. మీ ఇల్లు, నాన్న ఇల్లు అని రెండుండయ్, ఒకటే. గాని ఆడ మీ తోటి పిల్లల్ల చానామంది నాన్నలు ఫోన్ల నుంచే వస్తరు. అందుకే ఒక మాట యాదికి పెట్టుకోండ్రి. ఎవలన్న గ్లాసు బోర్లేసి కూసుంటే మీరు నోరు మూసుకుని గోడ దిక్కు తిరగాలె, ఎందుకని అడగొద్దు. ఇంకొకటి. మీరు మాత్రం పాలు తాగినంక గ్లాసు బోర్లెయ్యకండ్రి. ఆ వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుంటది."